రంగులు మారే ఊలుతో మఫ్లర్: సూదులకంటే ముందు టేపు తీయండి

నేను మొదటిసారి రంగులు మారే ఊలు కొన్నది షాపులో ఉండ చూసి ఆగలేక. నెమలి పింఛంలా ఉంది. ఇంటికొచ్చి ముప్పై కుట్లు ఎక్కించి, రెండు రాత్రులు కూర్చుని జానెడు అల్లాను. తీరా చూస్తే ఎడమ పక్కంతా ఎరుపు మరకలు, నడుమ పసుపు ముద్దలు, కుడి అంచున నీలం. మా పెద్దమ్మ దాన్ని రెండు వేళ్ళతో పైకెత్తి, "హోళీ ఆడొచ్చిన తువ్వాలులా ఉందే" అంది. నిజమే కాబట్టి కోపం కూడా రాలేదు. మొత్తం విప్పేశాను.

ఊలు మంచిదే. నేను చెయ్యని పని ఒకటుంది. ఒక రంగు ఎంత పొడవుందో, నా వరస ఎంత దారం తింటుందో కొలుచుకోలేదు. ఈ రకం ఊలుతో పనంతా ఆ రెండు కొలతల మీదే నడుస్తుంది. డిజైన్ దారంలోనే ఉంది. అది బట్టలో ఎలా కనబడాలన్నది మీరు పెట్టే వెడల్పు తేలుస్తుంది.

పోచంపల్లిలో ఇక్కత్ నేసేవాళ్ళ పని చూసినవాళ్ళకి ఇది వెంటనే అర్థమవుతుంది. వాళ్ళు నూలుకి నేతకు ముందే కట్లు కట్టి రంగులద్దుతారు. చీరలో పువ్వు ఎక్కడ పడాలో లెక్క వేసుకుని, పోగు మీద అక్కడికే రంగు వచ్చేలా చూస్తారు. మన ఊలుకి కూడా రంగు అల్లకముందే పడింది. కానీ మన మఫ్లర్ వెడల్పెంతో ఫ్యాక్టరీవాడికి తెలియదు కాబట్టి ఆ లెక్క మనమే వేసుకోవాలి.

కిందిదంతా నిట్, పర్ల్ వేయడం వచ్చినవాళ్ళ కోసం. సీదా, ఉల్టా అని నేర్చుకున్నవాళ్ళు ఉంటారు, రెండూ ఒకటే. క్రోషియా మాత్రమే వచ్చినా కొలతల భాగం మీకూ పనికొస్తుంది. నరసాపురం వైపు లేసు అల్లే చేతులకి ఈ లెక్కలు నేను చెప్పాల్సిన పని కూడా ఉండదు.

మీ చేతిలో ఉన్నది ఏ రకం?

షాపులో అన్నిటినీ "మల్టీ కలర్" అనే అంటారు. అల్లేవాళ్ళకి మాత్రం అవి మూడు రకాలు.

మొదటిదాంట్లో రంగు నాలుగైదు వేళ్ళ వెడల్పుకో, జానెడుకో మారిపోతుంది. నేను కొన్నది ఇదే. రెండోదాంట్లో ఒక్కో రంగు కొన్ని మీటర్ల పాటు సాగి తర్వాతి రంగులోకి జారుతుంది. అల్లుతుంటే చారలు వాటంతటవే పడతాయి. జపాన్‌లోని ఐచి ప్రాంతానికి చెందిన నోరో కంపెనీ ఊలు ఈ రకానికి బాగా పేరు పడింది. వాళ్ళ సిల్క్ గార్డెన్‌లో పట్టు 45 శాతం, మోహేర్ (అంగోరా మేక ఉన్ని) 45 శాతం, గొర్రెపిల్ల ఉన్ని 10 శాతం. 50 గ్రాముల ఉండలో 100 మీటర్లు వస్తుంది. మూడోది కేక్. పొడుగ్గా కాకుండా బిళ్ళలా చుట్టి ఉంటుంది, అందుకే ఆ పేరు. రంగులు ఒక్కోటీ చాలా పొడవుగా, నెమ్మదిగా మారతాయి. కొన్నిటిలో మొదటి రంగు మళ్ళీ తిరిగి రానే రాదు. లయన్ బ్రాండ్ మండలా కేక్ పూర్తిగా యాక్రిలిక్, 150 గ్రాములకి 540 మీటర్లు. స్కేప్యెస్ కంపెనీ విర్ల్ ఒక్క బిళ్ళలోనే 1000 మీటర్లు, నూలు 60 శాతం, యాక్రిలిక్ 40 శాతం.

హైదరాబాద్, విజయవాడ చలికి నా ఓటు నూలు కలిసినదానికో, మెత్తటి యాక్రిలిక్‌కో. అసలైన ఉన్ని మెడకి గుచ్చుకుంటుందని మన ఇళ్ళలో సగంమంది దాన్ని బీరువాలోనే ఉంచుతారు. షికాగోలోనో టొరంటోలోనో ఉన్నవాళ్ళకి పంపాలంటే మాత్రం ఉన్ని ఉండాల్సిందే. అక్కడి గాలికి యాక్రిలిక్ ఆనదు. లూధియానా కంపెనీల ఊలు మన దగ్గర సులువుగా దొరుకుతుంది. సికింద్రాబాద్ జనరల్ బజార్ లాంటి చోట్ల దారాలు, లేసులు అమ్మే షాపుల్లో అడిగి చూడండి. అడిగేటప్పుడు లేబుల్ మీద డై లాట్ నంబరు, అంటే ఒకేసారి రంగు వేసిన విడత నంబరు, చూడటం మరిచిపోవద్దు. ఒకే రంగు పేరున్నా లాట్ మారితే ఛాయ మారుతుంది. కావలసిన ఉండలన్నీ ఒకేసారి కొనేయండి.

సూదుల నంబర్లతో జాగ్రత్త

ఇది చాలామందిని ముంచింది. మన షాపుల్లో ఇప్పటికీ పాత ఇంగ్లండు నంబర్లతో సూదులు అమ్ముతారు. అందులో నంబరు పెరిగేకొద్దీ సూది సన్నబడుతుంది. అమెరికా నంబర్లు సరిగ్గా తిరగేసి ఉంటాయి, నంబరు పెరిగితే సూది లావవుతుంది. మన 8 నంబరు సూది 4 మిల్లీమీటర్లు, అమెరికా 8 నంబరు 5 మిల్లీమీటర్లు. మన 6 నంబరు 5 మిల్లీమీటర్లు, అమెరికా 6 నంబరు 4. ఇంటర్నెట్‌లో చూసిన అమెరికా ప్యాటర్న్‌కి మన 8 నంబరు సూది పట్టుకుని కూర్చుంటే మఫ్లర్ బదులు బెల్టు తయారవుతుంది. నంబర్లు వదిలేసి మిల్లీమీటర్లే అడగండి. ఈ మఫ్లర్‌కి 5 మిల్లీమీటర్ల సూదులు కావాలి. ఊలు లేబుల్ మీద 4.5 నుంచి 5 మిల్లీమీటర్ల సూది అని రాసి ఉంటే సరిపోతుంది. మండలా లాంటి సన్న ఊలైతే 4 మిల్లీమీటర్లకి దిగి, కుట్లు కొన్ని పెంచుకోండి.

అసలు పని: రెండు కొలతలు

ఉండ నుంచి దారం లాగి డైనింగ్ టేబుల్ మీద పరవండి. ఒక రంగు మొదలైన చోట పిన్నీసు పెట్టండి. ఆ రంగు పూర్తిగా పోయి తర్వాతిది స్థిరపడేదాకా టేపుతో కొలవండి. రంగు మెల్లగా మారుతుంటే హద్దు ఎక్కడని మరీ తల బద్దలు కొట్టుకోకండి, మీ కంటికి మారినట్టనిపించిన చోటే హద్దు. వీలైతే అదే రంగు మళ్ళీ వచ్చేదాకా లాగి, మొత్తం చుట్టు పొడవు కూడా రాసుకోండి. చాలా పొడవైన కేక్ అయితే ఒక్క రంగు కొలిస్తే చాలు.

రెండో కొలతకి కొంచెం అల్లాలి. మీరు అనుకున్న పూర్తి వెడల్పుకి కుట్లు ఎక్కించి, నాలుగైదు వరసలు వేయండి. చిన్న ముక్క అల్లి హెచ్చవేయొచ్చు గానీ, అసలు వెడల్పులో కొలిస్తే లెక్క తప్పదు. ఇప్పుడు వరస మొదట్లో ఆగి, సూది దగ్గర్నుంచి సరిగ్గా ఒక మీటరు దారం కొలిచి అక్కడ బట్టల క్లిప్పు పెట్టండి. మామూలుగా ఎలా అల్లుతారో అలాగే ఒక వరస అల్లండి. వరస అయిపోయాక సూది నుంచి క్లిప్పు దాకా ఎంత మిగిలిందో చూడండి. నా చేతికి, 41 కుట్ల మీద, 5 మిల్లీమీటర్ల సూదులతో 30 సెంటీమీటర్లు మిగిలింది. అంటే వరసకి 70 సెంటీమీటర్లు పట్టింది. మీ చెయ్యి బిగువైతే తక్కువ, వదులైతే ఎక్కువ వస్తుంది. అందుకే పక్కవాళ్ళ లెక్క మీకు పనిచేయదు.

ఇక భాగహారమే. ఎరుపు మూడున్నర మీటర్లుంటే, 70 సెంటీమీటర్ల చొప్పున అయిదు వరసలొస్తుంది. అంటే సుమారు రెండు సెంటీమీటర్ల చార. అది మీకు సన్నగా అనిపిస్తే వెడల్పు తగ్గించండి. సగం కుట్లతో అల్లితే అదే ఎరుపు పది వరసలు వస్తుంది. చారలు లావైపోతున్నాయంటే కుట్లు పెంచండి.

మొత్తం చుట్టు పొడవు, రెండు వరసలకి పట్టే దారం దాదాపు సమానంగా వచ్చాయంటే మాత్రం ఆగండి. పోయి తిరిగొచ్చేసరికి ప్రతిసారీ అదే రంగు అదే చోటికి చేరుతుంది. ఎరుపు మీద ఎరుపు, పసుపు మీద పసుపు పేరుకుంటాయి. నా హోళీ తువ్వాలు అలా తయారైందే. కావాలని అలా చేసి గళ్ళ డిజైన్ రప్పించేవాళ్ళు కూడా ఉన్నారు. దానికి ప్రతి వరసలో బిగువు అణుమాత్రం మారకూడదు. నాకంత ఓపిక లేదు.

ఈ పేరుకోవడం తప్పించడానికి దారులు చాలానే ఉన్నాయి. నాలుగైదు కుట్లు పెంచి చూడటం అన్నిటికన్నా తేలిక, చాలాసార్లు అంతటితో తీరిపోతుంది. లేకపోతే రెండు ఉండలు తీసుకుని రెండేసి వరసలకి మార్చుకుంటూ పోవాలి. ఆ రెండోదే ఇప్పుడు మనం అల్లబోయే మఫ్లర్.

రెండు ఉండల మఫ్లర్

రంగు నిదానంగా మారే ఊలుకి ఇంతకన్నా నప్పే పని నాకు కనబడలేదు. రెండు వేర్వేరు షేడుల్లో ఉండలు తీసుకుంటారు. ఒకదానితో రెండు వరసలు, రెండోదానితో రెండు వరసలు, అంతే. రెండు ఉండల్లోనూ రంగులు వేటికవి మారిపోతుంటాయి కాబట్టి మీరు చేసేది వట్టి చారలే అయినా, చూసేవాళ్ళు నలభై రంగుల దారాలు వాడారనుకుంటారు.

సుమారు 400 మీటర్ల ఊలు కావాలి, 100 మీటర్ల ఉండలైతే ఒక్కో షేడులో రెండు. పొడవు ఇంచుమించు 180 నుంచి 200 సెంటీమీటర్లు వస్తుంది.

షేడులు ఎంచుకునేటప్పుడు రంగుల పేర్లు చూడకండి, ముదురూ లేతా చూడండి. ఒకటి మొత్తమ్మీద ముదురుగా, ఒకటి లేతగా ఉండాలి. షాపులోనే రెండిటినీ పక్కపక్కన పెట్టి ఫోన్‌లో ఫోటో తీసి బ్లాక్ అండ్ వైట్ చేయండి. రెండూ ఒకే బూడిద రంగులో కలిసిపోతే, అల్లాక చారలూ అలాగే కలిసిపోతాయి. ఎరుపు, ఆకుపచ్చ కంటికి ఎంత విరోధంగా కనబడినా ఈ పరీక్షలో చాలాసార్లు తప్పుతాయి.

మొదటి ఉండతో 41 కుట్లు వదులుగా ఎక్కించండి. వదులుగా రాకపోతే ఎక్కించేటప్పుడు ఒక సైజు పెద్ద సూది వాడండి. మఫ్లర్ మొదలు బిగుసుకుంటే ఎంత ఉతికినా అది సాగదు. తర్వాత:

వరస 1: ఒక నిట్, ఒక పర్ల్, ఇలా చివరి కుట్టు దాకా. చివరి కుట్టు నిట్.

వరస 2: మొదటి కుట్టుని అల్లకండి. దారం ముందువైపు ఉంచి, పర్ల్‌కి దూర్చినట్టే సూది దూర్చి, కుట్టుని కుడి సూది మీదకి జరపండి. ఆ తర్వాత ఒక నిట్, ఒక పర్ల్, చివరిదాకా. చివరి కుట్టు పర్ల్ అవుతుంది.

ఇప్పుడు రెండో ఉండ అందుకుని ఇవే రెండు వరసలు. మళ్ళీ మొదటి ఉండ. ఇలా పొడవు సరిపోయేదాకా.

వరస 1లో మొదటి కుట్టుని ఎందుకు జరపలేదంటే, రంగు మారేది అక్కడే. ఆ కుట్టు కొత్త రంగుతో అల్లితే అంచు గట్టిగా కూర్చుంటుంది. రెండో వైపు అంచున జరిపిన కుట్లు జడలా వరసగా పడతాయి.

దారం మార్చే క్షణం దగ్గర కొంచెం నెమ్మదించండి. ఈ మఫ్లర్ అందమంతా ఆ అంచులోనే తెలుస్తుంది. పాత దారాన్ని వదిలేయండి. కొత్త దారాన్ని దాని కింద నుంచి పైకి తీసుకోండి. ప్రతిసారీ కింద నుంచే. ఒకసారి కింద నుంచి, ఒకసారి పై నుంచి అయితే అంచు మెట్లు మెట్లుగా వస్తుంది. మొదటి కుట్టు వేసి, ఇక్కడ ఆగి, అంచు వెంట పైకెక్కిన దారాన్ని వేలితో తాకి చూడండి. పక్క కుట్లతో సమానంగా, ఒరిగి పడుకున్నట్టుండాలి. తీగలా బిగిసి ఉంటే ఆ కుట్టు విప్పి మళ్ళీ వేయండి. నేను ఒకసారి పట్టించుకోకుండా అర మీటరు దాకా పోయాను. ఆ అంచు లోపలికి ముడుచుకుని, మఫ్లర్ మొత్తం అరటిపండులా వంగింది.

రెండు ఉండలూ ఒకదానికొకటి మెలిపడటం ఇంకో చికాకు. ఒకటి ఎడమ పక్కన, ఒకటి కుడి పక్కన డబ్బాల్లో పెట్టుకోండి. వరస తిప్పేటప్పుడు ఒకసారి గడియారం దిశలో తిప్పితే, తర్వాత ఎదురు దిశలో తిప్పండి. పిల్లిని మాత్రం వేరే గదిలో ఉంచండి.

ఒక నిట్, ఒక పర్ల్ అని ఎందుకన్నానో కూడా చెప్పాలి. ఒక వరసంతా నిట్, తర్వాతి వరసంతా పర్ల్ అల్లితే అంచులు చుట్టుకుపోతాయి, వెనకవైపు వెనకవైపులానే ఉంటుంది. మఫ్లర్ మెడకి చుట్టాక రెండు వైపులూ కనబడతాయి కదా. పైగా పర్ల్ కుట్ల మీద రంగు మారిన చోట చుక్కచుక్కగా రెండు రంగులూ కనిపిస్తాయి. ఒక నిట్, ఒక పర్ల్‌గా అల్లినప్పుడు బట్ట దగ్గరికి ముడుచుకుని, ఆ పర్ల్ కుట్లు లోయలో దాక్కుంటాయి. ఏ వైపు తిప్పినా చారలు శుభ్రంగా ఉంటాయి.

ఇప్పుడిప్పుడే నేర్చుకుంటున్నవాళ్ళకి ఇది బరువనిపిస్తే, ఒకే ఉండతో అన్ని వరసలూ నిట్ మాత్రమే వేసుకుంటూ పోండి. పొడవైన రంగులున్న కేక్‌తో అది కూడా చాలా బాగుంటుంది. చారల మధ్య గీత అంత పదునుగా ఉండదు, అంతే.

ఎక్కడో ఒకచోట రెండు ఉండలూ ఒకే రంగుకి వస్తాయి. రెండూ ఆకుపచ్చలో ఉంటే ఒక పది వరసల పాటు చారలు మాయమవుతాయి. కొందరు వెంటనే కత్తిరించి ఒక దారాన్ని ముందుకు జరుపుతారు. నేను జరపను. కాసేపు నీట మునిగి మళ్ళీ తేలినట్టు, ఆ చారలు తిరిగి పైకి రావడమే నాకు నచ్చుతుంది.

ముడులు, అతుకులు

ఏ కంపెనీ ఉండలోనైనా మధ్యలో ముడి తగలొచ్చు. మామూలు ఊలైతే ముడి వెనక్కి తోసి సాగిపోతాం. రంగులు మారే ఊలులో ముడి తర్వాత రంగు ఎక్కడికో దూకొచ్చు. నాకొకసారి లేత ఆకుపచ్చ మధ్యలో ముడి, దాని అవతల నేరేడు రంగు తగిలింది. నడుమ రావాల్సిన రెండు రంగులూ లేవు. అలా తగిలితే ముడి కత్తిరించండి. కొత్త ముక్కలో ఆకుపచ్చ వచ్చేదాకా దారం విడిగా చుట్టి పక్కన పెట్టి, అక్కడ అతకండి. పక్కన పెట్టింది పారేయకండి, చివర్లో ఆ రంగు వంతు వచ్చినప్పుడు వాడుకోవచ్చు.

కొత్త ఉండ మొదలుపెట్టేటప్పుడు రంగు ఒకటే సరిపోదు, రంగుల వరస కూడా చూడాలి. మొదటి ఉండలో ఎరుపు, నారింజ, పసుపు అని పోతుంటే, కొత్తది పసుపు, నారింజ, ఎరుపు అని తిరగేసి చుట్టి ఉండొచ్చు. అలా ఉంటే బయటి కొస వదిలి లోపలి కొస నుంచి లాగండి.

ఉన్ని ఎక్కువగా ఉండి, మెషిన్ వాష్ అని రాయని ఊలుకి మంచి అతుకు ఒకటుంది. రెండు కొసల్నీ నాలుగు వేళ్ళ పొడవున పురి విప్పి, ఒకదాని మీద ఒకటి పెట్టి, కాస్త తడి చేసి, అరచేతుల మధ్య వేడి పుట్టేలా గట్టిగా నలపండి. రెండూ ఒకే దారంగా పట్టుకుంటాయి. యాక్రిలిక్‌కీ నూలుకీ ఇది పనిచేయదు, గంటసేపు నలిపినా అంతే. వాటికి పదిహేను సెంటీమీటర్ల కొసలు వదిలి, చివర్లో మొద్దు మొన సూదితో అదే రంగు చారలోకి దూర్చి దాచాలి. నీలం కొసని పసుపు చారలో దాస్తే ఏదో ఒక మూల తొంగిచూస్తుంది.

ముగించేటప్పుడు కూడా చెయ్యి వదులు. నిట్ మీద నిట్, పర్ల్ మీద పర్ల్ వేసుకుంటూ కుట్లు మూసేయండి.

టోపీ, చేతి తొడుగులు

మఫ్లర్‌లో మిగిలిన ఊలుతో టోపీ అల్లొచ్చు. లెక్క మాత్రం మళ్ళీ మొదటి నుంచి. పెద్దవాళ్ళ తల చుట్టుకొలత 54 సెంటీమీటర్లనుకుంటే, టోపీ దానికన్నా పది శాతం చిన్నగా ఉండాలి, లేకపోతే జారుతుంది. పది సెంటీమీటర్లకి 18 కుట్లు వచ్చే చేతికి 88 కుట్లు సరిపోతాయి. 4.5 మిల్లీమీటర్ల గుండ్రటి సూది మీద గుండ్రంగా అల్లండి. మొదటి అయిదు సెంటీమీటర్లు ఒక నిట్, ఒక పర్ల్, ఆ పైన అంతా నిట్. కింది నుంచి 14, 15 సెంటీమీటర్లయ్యాక తగ్గించడం మొదలు. తొమ్మిది నిట్, రెండు కలిపి ఒకటి, ఇలా ఎనిమిది సార్లు వేస్తే 80 మిగులుతాయి. ఒక చుట్టు మామూలుగా అల్లి, తర్వాతి చుట్టులో ఎనిమిది నిట్, రెండు కలిపి ఒకటి. ఇలా చుట్టు విడిచి చుట్టు తగ్గించుకుంటూ 40కి రండి. ఆపైన ప్రతి చుట్టులోనూ తగ్గించి ఎనిమిది కుట్లు మిగిలాక దారం తెంపి, వాటిగుండా దూర్చి బిగించండి. చివర్లో కుట్లు తగ్గిపోయి గుండ్రటి సూది చుట్టూ అందవు, అప్పటికి రెండు మొనల సూదులు నాలుగైదు దగ్గర పెట్టుకోండి.

88 కుట్లంటే మఫ్లర్ వరసకి రెట్టింపు దారం. కాబట్టి అదే ఊలు టోపీ మీద సగం లావు చారలు వేస్తుంది. మఫ్లర్‌కి జోడీ అని మొదలుపెట్టి, చారలు సన్నగా వచ్చాయని కంగారు పడకండి. నెత్తి దగ్గర కుట్లు తగ్గేకొద్దీ చారలు వాటంతటవే లావవుతాయి. మూడు మూలల శాలువాలో దీనికి తిరగేసి జరుగుతుంది. మూల నుంచి మొదలుపెడితే మొదటి రంగులు లావుగా, చివరి అంచు రంగు సన్నటి గీతగా వస్తుంది. కేక్‌లో మీకు బాగా నచ్చిన రంగు లోపల ఉందా బయట ఉందా చూసుకుని, ఏ కొసతో మొదలుపెట్టాలో అప్పుడు తేల్చుకోండి.

వేళ్ళు లేని చేతి తొడుగులకి 36 కుట్ల చదరపు ముక్కలు రెండు చాలు. ఏసీ ఆఫీసులో కీబోర్డు మీద పనిచేసేవాళ్ళకి మఫ్లర్ కన్నా ఇవే ఎక్కువ నచ్చుతాయి. 4.5 మిల్లీమీటర్ల సూదులతో 18 సెంటీమీటర్ల పొడవు అల్లి, మడిచి, కింది నుంచి తొమ్మిది సెంటీమీటర్లు కుట్టి, బొటనవేలికి అయిదు సెంటీమీటర్లు వదిలి, మిగతాది కుట్టేయండి. రెండు తొడుగులూ ఒకేలా ఉండాలంటే రెండోదాన్ని సరిగ్గా అదే రంగు దగ్గర మొదలుపెట్టాలి. మొదటిది ఎక్కించే ముందే, ఉదాహరణకి, "నీలం నుంచి ఊదాకి మారిన చోట" అని కాగితం మీద రాసి ఉండకి పిన్నీసుతో గుచ్చుకోండి. గుర్తుంటుందిలే అనుకుని నేను రెండుసార్లు మోసపోయాను.

ఉతకడం

అల్లడం అయ్యాక ఒక్కసారైనా తడపకుండా ఎవరికీ ఇవ్వకండి. కుట్లు సర్దుకునేది నీళ్ళలోనే. పొడిగా ఉన్నప్పుడు గరుగ్గా అనిపించిన ఉన్ని కూడా తడిసి ఆరాక మెత్తబడుతుంది. ముందు ముదురు రంగు కొస ఒకటి తడిపి తెల్లటి గుడ్డ మీద నొక్కండి. రంగు అంటితే చల్లటి నీళ్ళలో జాడించి తీసేయండి, నానబెట్టొద్దు. అంటకపోతే చల్లటి నీళ్ళలో రెండు చుక్కల షాంపూ వేసి ఇరవై నిమిషాలు ఉంచండి. రుద్దొద్దు, పిండొద్దు. తువ్వాలులో పరిచి చాపలా చుట్టి, దాని మీద కాలితో నొక్కితే నీళ్ళు దిగుతాయి. తర్వాత నీడలో, చాప మీద వెడల్పుగా పరిచి ఆరనివ్వండి. తీగ మీద వేలాడదీస్తే తడి బరువుకి మఫ్లర్ జానెడు సాగి, సన్నబడిపోతుంది.

యాక్రిలిక్ అయితే ఇస్త్రీ పెట్టె తాకించొద్దు. వేడికి దారం చచ్చుబడి, బట్ట జావలా వేలాడుతుంది, ఆ తర్వాత దానికి మందు లేదు. ఉన్ని అయితే ఎండాకాలం బీరువాలో పెట్టేముందు ఎండు వేపాకు గుడ్డసంచిలో కట్టి పక్కన పెట్టండి. మడత పెట్టే ఉంచండి, హ్యాంగర్‌కి తగిలించకండి. యాక్రిలిక్ మఫ్లర్‌కి వేపాకు కూడా అక్కర్లేదు, పురుగు దాని జోలికి పోదు.